సాగిన టేపు

గోడగడియారంలో నాలుగుంబావు. అయిదు దాటితే వాయిదా అనే మాటే ఉండదు.

పోయినవారం మనం ఆ అమ్మాయిని నాన్న కుట్టుషాపు గడప మీద నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. లా కాలేజీ ప్రవేశపరీక్షకి సరిగ్గా తొమ్మిది రోజులు. మొదటి నాలుగు నమూనా పరీక్షల్లో ఎనభైకి అటూ ఇటూ తూగిన మార్కులు చివరి మూడింటిలో ముప్ఫైకి కూలబడ్డాయి. నూటఇరవైకి ముప్ఫై! రాసి డెబ్బై అయిదు దాటకపోతే రెండేళ్ళపాటు మళ్ళీ రాయనివ్వరు. రాయకుండా వాయిదా అడిగితే ఆరునెలల తర్వాత ఒకే ఒక్క అవకాశం ఇస్తారు. అందుకని ఇంట్లో చెప్పాపెట్టకుండా వీధి చివర నెట్‌సెంటర్‌కి వెళ్ళి వాయిదా ఫారం నింపించింది. అన్నీ అయ్యాక తెర మీద ఒక్క గడి మిగిలింది. ఫోనుకి వచ్చిన ఆరంకెల నంబరు అందులో కొట్టాలి. దరఖాస్తు పెట్టిన రోజు తన ఫోను పాడై ఉండటంతో నాన్న నంబరే ఇచ్చింది. ఇప్పుడు ఆ ఆరంకెలూ నాన్న చొక్కాజేబులో ఉన్నాయి.

కోర్టు ఎదురుగా ఉన్న ఆ షాపు పొడుగ్గా, సన్నగా రైలుపెట్టెలా ఉంటుంది. అందులో కుట్టేది ఒకటే, వకీళ్ళ నల్లకోట్లు. బల్లమీద నల్లగుడ్డ, గోడకి నల్లకోట్లు, నేలమీద నల్లపీలికలు. అందుకే వీధిలో ఆయన్ని అందరూ నల్లకోటు మాస్టర్ అంటారు. గడప పక్కన వెలుతురు పడేచోట ముక్కాలిపీట వేసుకుని గుండీలకి కాజాలు కుట్టే మనిషి ఆయన అక్క. అమ్మాయికి మేనత్త. ఈ పిల్ల ఐదేళ్ళ వయసులో, విరిగిన కప్పు తాను విరగ్గొట్టలేదని గంటసేపు వాదించినప్పుడు “ప్లీడరమ్మ” అని పేరు పెట్టింది అత్తే. ఆ కప్పు విరగ్గొట్టింది పిల్లేనన్నది వేరే సంగతి.

“ఏం ప్లీడరమ్మా, గడప కొలుస్తున్నావా? లోపలికి రా” అంది అత్త.

అమ్మాయి లోపలికి వచ్చింది. “నాన్నా, ఒకసారి ఫోనివ్వు.”

“దేనికి?” ఆయన కత్తెర ఆపలేదు.

“ఒక నంబరు వచ్చింది. చూసుకుని ఇచ్చేస్తా.”

“వచ్చిందని తెలుసు. జేబులో రెండుసార్లు కుయ్యిమంది. ఆ నెట్‌సెంటర్ ఆయన ఫోను కూడా చేశాడు. మాస్టరుగారూ, వాయిదా నంబరు చెప్పండి, పది నిమిషాలైతే చెల్లదు అన్నాడు. ఏం వాయిదా అన్నాను. నాలిక కరుచుకుని పెట్టేశాడు.” అప్పుడు ఆపాడు కత్తెర. “ఏం వాయిదా అమ్మా?”

దారిలో నాలుగు అబద్ధాలు అల్లుకుంటూ వచ్చింది అమ్మాయి. ఆ ముఖం చూశాక ఒక్కటీ నోటికి రాలేదు.

“పరీక్ష వాయిదా వేసుకుంటున్నా. ఈసారి రాయను. ఆరునెలల తర్వాత రాస్తా. నంబరు చెప్పు నాన్నా, టైమైపోతోంది.”

“నేను చదవను” అన్నాడాయన.

“నాన్నా!”

“చదవనంటే చదవను. ముందు సంగతేంటో చెప్పు.”

అమ్మాయికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఈ మనిషి మొండితనం తెలిసిందే. పెద్ద ప్లీడరుగారు వచ్చి కోటు పొట్టిగా కావాలంటే, మీ ఎత్తుకి పొట్టికోటు బాగోదు, కావాలంటే వేరే షాపుకి వెళ్ళండి అన్న మనిషి. ఇంక దాచి లాభం లేదని మార్కులన్నీ చెప్పేసింది. రెండేళ్ళ నిబంధన చెప్పింది. సోమవారం నుంచి ప్యాకింగ్ కంపెనీలో సరుకు వివరాలు కంప్యూటర్‌లో ఎక్కించే పనికి రమ్మన్నారనీ, ఈ ఆరునెలలూ అది చేసుకుంటూ చదువుకుంటాననీ చెప్పింది.

“చేసుకుంటూ చదువుకుంటుందట” అంది అత్త, సూది ఆపకుండా. “నేనూ అలాగే అన్నాను. రెండు నెలలు కాజాలు కుట్టి మళ్ళీ బడికి వెళ్తానని. ఇదిగో, ముప్ఫై ఏళ్ళయింది. ఇంకా రెండో నెలే నడుస్తోంది.”

“నువ్వుండక్కా” అన్నాడు మాస్టరు. కూతురికేసి తిరిగాడు. “మళ్ళీ చెప్పు. ముందు ఎంతొచ్చాయి?”

“డెబ్బై ఎనిమిది, ఎనభై రెండు, ఎనభై, ఎనభై నాలుగు.”

“తర్వాత?”

“ముప్ఫై మూడు. ఇరవై తొమ్మిది. ముప్ఫై ఒకటి.” ఒక్కో అంకె చెబుతుంటే గొంతు ఒక్కో మెట్టు దిగింది.

“మధ్యలో ఎన్నాళ్ళు?”

“వారం.”

“వారంలో ఏ మనిషికీ భుజాలు నాలుగంగుళాలు తగ్గిపోవమ్మా.”

“ఇది భుజాల లెక్క కాదు నాన్నా! ముందువి తేలిక పేపర్లు. ఈ మూడూ సీనియర్ అక్క ఇచ్చినవి, అసలు పరీక్షలా ఉంటాయవి. వాటితో నా బండారం బయటపడింది. నాకు రాదు, అంతే. వచ్చనుకున్నవి కూడా రావు. పదిహేడో ప్రశ్న చూడు. పన్నెండుమంది పదిరోజుల్లో చేసే పని పదిహేనుమంది ఎన్నిరోజుల్లో చేస్తారు? ఎంత చిన్నలెక్క! అది కూడా తప్పు చేశాను.”

“ఎనిమిది రోజులు” అన్నాడు మాస్టరు.

“నేనూ ఎనిమిదే రాశాను. తొమ్మిదట.”

“ఎవరన్నారు?”

“జవాబుల కాగితంలో ఉంది.”

“అయితే కాగితం తప్పు.”

“అచ్చులో ఉంది నాన్నా.”

“అచ్చులో ఉంటే మాత్రం? పదిహేనుమంది కూర్చుని తొమ్మిదిరోజులు కుడితే ఒకరోజు కబుర్లు చెప్పుకున్నారన్నమాట.”

అత్త కిసుక్కున నవ్వింది. అమ్మాయికి నవ్వు రాలేదు. ఆ లెక్క మూడుసార్లు చేసింది తను. మూడుసార్లూ ఎనిమిదే వచ్చింది. నాలుగోసారి చెయ్యలేదు. తొమ్మిది ఎలా వస్తుందో తనకి అర్థం కావడంలేదనుకుని ఆ తొమ్మిదిని బట్టీపట్టింది. ఆ ఇంట్లో డిగ్రీ గట్టెక్కిన మొదటి మనిషి తనే. చిన్నప్పటినుంచీ ఇంటికి వచ్చిన ప్రతి అచ్చుకాగితాన్నీ తనే చదివి పెద్దవాళ్ళకి చెప్పేది. కరెంటాఫీసు కాగితం, ఆసుపత్రి కాగితం, బడినుంచి వచ్చిన కాగితం. ఏ కాగితం ఏం చెబితే ఇంట్లో అదే జరిగేది. కాగితం తప్పయి, తను ఒప్పయ్యే వీలుందని ఆమెకి తట్టనే లేదు.

మాస్టరు మెడలోని టేపు తీసి బల్లమీద పరిచాడు. ఈ మధ్య ఆ టేపుకి ప్రతి అయిదంగుళాల దగ్గరా ఎర్రదారంతో ఒక ముడి వేసుకున్నాడు. టేపు సాగకుండా అని చెబుతాడు.

“నువ్వు పుట్టకముందు ఒకసారి వరసగా మూడు కోట్లు చెడగొట్టాను” అన్నాడు. “మూడింటికీ భుజాలు జారిపోయాయి. చిలక్కొయ్యకి తగిలించినట్టు వేలాడాయి. నా చెయ్యి పోయిందనుకున్నాను. కత్తెర అమ్మేసి ఎక్కడైనా కాపలా పనికి పోదామని బయల్దేరాను కూడా. మీ అత్తనడుగు.”

“బయల్దేరడమేంటి, వీధి మలుపుదాకా వెళ్ళాడు. నేనే చొక్కా పట్టుకుని లాక్కొచ్చాను” అంది అత్త.

“వచ్చాక చూస్తే ఏమైంది? ఒంటికొలత తీసింది కొత్త టేపుతో. గుడ్డ కోసింది పాత టేపుతో. పాతది వాడివాడి సాగింది. దాని ముప్ఫై అంగుళాలు కొత్తదాని ముప్ఫై ఒకటి. చేతిలో తప్పేం లేదు, ఒంట్లో తప్పేం లేదు. కొలిచింది ఒకదాంతో, కోసింది ఇంకొకదాంతో. అప్పటినుంచీ కోటు పట్టకపోతే నేను కస్టమర్నీ తిట్టను, నన్నూ తిట్టుకోను. ముందు టేపు చూస్తాను.” కూతురికేసి చెయ్యి చాపాడు. “నీ టేపేది? మార్కులు వేసుకున్న కాగితం.”

నాన్న జేబులో ఫోను మోగింది. నెట్‌సెంటర్ ఆయన. అమ్మాయి తీసింది. “ఏమ్మా, ఇంకో నంబరు పంపించాను, వచ్చిందా? ఇక్కడ నా వెనక ఆరుగురున్నారు. ఉందామా, మూసేద్దామా?”

“ఒక్క అయిదు నిమిషాలన్నా” అని పెట్టేసింది.

సంచిలోంచి ప్లాస్టిక్ ఫోల్డరు తీసింది. అందులో సీనియర్ అక్క ఇచ్చిన మూడు ప్రశ్నపత్రాలు, ఒక దళసరి కాగితం. కాగితానికి రెండువైపులా చీమలబారులా అంకెలు. మూడు పరీక్షల జవాబులూ అందులోనే. మాస్టరు ఆ కాగితాన్ని అందుకుని బొటనవేలితో రుద్దాడు. మూల వంచి చూశాడు. వదిలేస్తే టక్కున లేచింది.

“ఆఁ, ఇదే. మంచి గట్టికాగితం. దీని జతే కదా నా దగ్గరుంది.”

“జతేంటి?”

“ఇలాంటివి రెండు కదా ఉండేవి. ఒకటి నేను తీసుకున్నాగా.”

అమ్మాయి చటుక్కున తలెత్తింది. “ఎప్పుడు తీసుకున్నావు?”

“నువ్వు ఆ ఫోల్డరు తెచ్చిన రోజే. ఇక్కడే, ఈ బల్ల చివర కూర్చుని చదువుతున్నావు. కాలరు నమూనా నలిగిపోయింది, గట్టి కాగితం కావాలి. ఇదిగో అమ్మా, ఈ తెల్లకాగితం తీసుకోనా అన్నాను. ఊఁ అన్నావు.”

“ఊఁ అన్నానా?”

“పుస్తకం పట్టుకుందంటే ఇల్లంటుకుందన్నా ఊఁ అంటుంది” అంది అత్త. “మొన్న నేను, కొరివి దయ్యాన్ని పెళ్ళాడతావా అంటే దానికీ ఊఁ అంది.”

“నాన్నా, ఆ కాగితం ఏం చేశావు?”

“ఏం చేస్తాను? కోశాను” అని పైకి చూపించాడు.

గోడకి మేకు. మేకుకి దారంతో గుచ్చిన కాగితం నమూనాలు. కాలరు ముక్క, జేబుమూత, లోపలిజేబు. గాలికి ఒకటి మెల్లగా తిరిగింది. దాని వెనకవైపు కూడా చీమలబారులు.

అమ్మాయి ఎగిరి అందుకుంది. ఒక చేతిలో అవి, ఇంకో చేతిలో తను మార్కులు వేసుకున్న కాగితం. గబగబా కాగితం అడుగున చూసింది. కింద అంచున, ఆవగింజంత అక్షరాల్లో ‘బి సెట్టు’. ప్రశ్నపత్రం అట్ట చూసింది. ‘ఏ సెట్టు’.

రెండూ పక్కపక్కన పెట్టి ఇంకోసారి చదివింది. తర్వాత నాన్నకీ అత్తకీ చెప్పింది. పక్కవాడిది చూసి రాయకుండా పేపరు రెండు రకాలుగా వేస్తారు. ప్రశ్నలు అవే, వరస మారుతుంది. ఇందులో మొదటిది అందులో నలభయ్యోది కావచ్చు. జవాబుల కాగితాలు కూడా రెండు. తను రాసినవన్నీ ఏ సెట్టు. దిద్దుకున్నది బి సెట్టుతో. ఏ సెట్టు జవాబులు మేకుకి వేలాడుతున్నాయి.

“చెప్పానా? కొలిచింది ఒకదాంతో, కోసింది ఇంకొకదాంతో” అన్నాడు మాస్టరు.

“కోసింది మాత్రం నువ్వేరా తమ్ముడూ” అంది అత్త.

నల్లగుడ్డ పక్కకి జరిగింది. మూడు నమూనాలూ బల్లమీదకి వచ్చాయి. మాస్టరు వేళ్ళతో అంచులు తడిమి చకచకా ఒకదానికొకటి ఆనించాడు. చింపిన పీలికలైనా సరే, కుట్టు ఎక్కడ కలుస్తుందో ఆ వేళ్ళకి తెలుసు. మెడవంపు తీసిన చోట ఖాళీ. మేకుకోసం పొడిచిన కన్నంలో ఒక జవాబు గోవిందా. మిగతాదంతా కనిపిస్తోంది. మొదటి పరీక్ష జవాబుల్లో కత్తెరకి బలైనవి పదిహేడు. మిగిలినవి నూటమూడు.

“ముందు పదిహేడో ప్రశ్న చూడత్తా” అంది అమ్మాయి, పెన్సిలు పట్టుకుని. “పక్కనున్న అంకె చెప్పు.”

అత్త సూదిని జాకెట్టుకి గుచ్చుకుని కళ్ళజోడు సర్దుకుంది. “పదిహేడు, పదిహేడు… ఇదిగో, కాలరు కొసన ఉంది. రెండు.”

రెండో జవాబు. ఎనిమిది రోజులు.

ఆ అమ్మాయి ఏడుస్తుందేమో అనుకున్నాడు తండ్రి. ఏడవలేదు. “మొదటినుంచీ రా అత్తా” అంది, అచ్చం కోర్టులో సాక్షిని పిలిచినట్టు.

అత్త చదివింది. ఒకటి, మూడు. రెండు, నాలుగు. మూడు, ఒకటి. అమ్మాయి టిక్కు కొడుతూ పోయింది. టిక్కు, టిక్కు, తప్పు, టిక్కు. లోపలిజేబు మొత్తం మీద రెండే తప్పులు. జేబుమూత దగ్గర కొంచెం ఇబ్బంది పడింది. “ఇక్కడ వరసగా మూడు తప్పించావేంటే?” అని అత్త గదమాయించింది, పక్కింటి పిల్ల మార్కులు చూసినట్టు. మధ్యలో ఒక గుమాస్తా కోటు తీసుకోవడానికి వస్తే, “రేపు రండి, ఇవాళ మాకు పరీక్ష” అని గడపలోంచే పంపించేసింది.

నాలుగూ యాభై రెండుకి కూడిక అయింది.

“ఎంత?” అన్నాడు మాస్టరు.

“ఎనభై ఒకటి.” ఇంకోసారి కూడింది. “ఎనభై ఒకటి నాన్నా. కత్తెరకి పోయిన పదిహేడూ తప్పే అనుకున్నా ఎనభై ఒకటి!”

పదిరోజులుగా గుండెమీద కూర్చున్న బండ లేచి వెళ్ళిపోయింది. అది వెళ్ళాకగానీ ఎంత బరువుందో తెలియలేదు ఆమెకి. బల్లకి ఆనుకుని గట్టిగా ఊపిరి తీసింది. నల్లగుడ్డ వాసన, ఇస్త్రీపెట్టె వేడివాసన, సుద్ద వాసన. పుట్టినప్పటినుంచీ పీలుస్తున్న గాలే. ఇవాళే లోపలిదాకా వెళ్ళింది.

ఫోను మోగకముందే తనే చేసింది. “అన్నా, వద్దు. ఆ ఫారం మూసెయ్. రాస్తున్నా.”

“నిజంగానా? హమ్మయ్య” అన్నాడాయన. “వాయిదా అని కొట్టడానికి నా చేతులే రాలేదమ్మా. హాల్‌టికెట్టు రేపు వస్తుంది, నేనే తీసి ఉంచుతా.”

“ప్యాకింగ్ కంపెనీవాళ్ళకి కూడా చెప్పెయ్” అంది అత్త. “మా ప్లీడరమ్మకి తీరిక లేదు, వేరే మనిషిని చూసుకోండి అని.”

గడియారం అయిదు కొట్టింది. వాయిదా గడువు దాటిపోయింది. ఆ గంటలు వింటూ ముగ్గురూ ఎందుకో ఒకేసారి నవ్వారు. ఎదురుకొట్టునుంచి టీ వచ్చింది. అత్త రెండు గుక్కల్లో తాగి మళ్ళీ పీటమీద కూలబడింది. ఈ పిల్ల మార్కుల పుణ్యమా అని నాలుగు కాజాలు బాకీ పడ్డానని గొణిగింది. మాస్టరు మిషను దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. నల్లదారం ఉండ తీసి, చేతిసూది పట్టుకుని, రెండూ కలిపి వెనక్కి చూడకుండానే అక్కవైపు చాపాడు. ఆమె కూడా మాట్లాడకుండానే అందుకుని, దారం ఎక్కించి ఇచ్చేసింది.

అమ్మాయి నమూనాలు మళ్ళీ మేకుకి గుచ్చబోయింది. ఇంక ఇవి తనకి కావాలి కదా అని ఆగి, వాటిని ఒక్కొక్కటే ఫోల్డరులో పెట్టుకోసాగింది. మిగతా రెండు పరీక్షలూ రేపు దిద్దుకోవాలి. నాన్నకి వేరే గట్టి కాగితం తెచ్చివ్వాలి. ఈసారి తెల్లది…

తెల్లది.

‘ఈ తెల్లకాగితం తీసుకోనా’ అన్నాడు నాన్న ఆ రోజు.

ఆమె చేతిలో కాలరు ముక్క ఉంది. ఈవైపు తిప్పింది, ఆవైపు తిప్పింది. గోరంత చోటైనా ఖాళీ లేదు. అచ్చుకాగితమని తెలిసి కూతురి పుస్తకాల్లోంచి ముక్క ముట్టుకునే మనిషి కాదాయన. నేలమీద పడ్డ పాత పత్రికైనా అచ్చు ఉందంటే తీసి పక్కన పెడతాడు.

టేపుమీది ఎర్రముడుల వైపు చూసింది. అయిదంగుళాలకొకటి. వేలికి తగిలేటట్టు. నంబరు అడిగితే, ‘నేను చదవను’ అన్నాడు. మొండితనం అనుకుంది తను. ఆయన చేతిలో అత్త ఇప్పుడే దారం ఎక్కించిన సూది. ఒళ్ళో నల్లగుడ్డ. దానిమీద నల్లదారం.

“నాన్నా.”

“ఊఁ.”

ఆమె బి సెట్టు కాగితం తీసుకుని దగ్గరికి వెళ్ళింది. గడపలోంచి వచ్చే ఎండపొడ దానిమీద పడేటట్టు ఆయన ముఖం ముందు పట్టుకుంది. ఆమెకి అంకెలన్నీ చీమలబారుల్లా స్పష్టంగా కనిపిస్తున్నాయి.

“ఇదేం కాగితమో ఒకసారి చూసి చెప్పవా?”

మాస్టరు తలెత్తాడు. నవ్వుముఖంతో కాగితంకేసి చూశాడు. చెయ్యి చాపి, అలవాటుగా బొటనవేలితో ఒకసారి రుద్దాడు.

గడప దగ్గర అత్త చేతిలో సూది ఆగిపోయింది. కానీ ఆమె తలెత్తలేదు.

“అదే గట్టికాగితం కదమ్మా” అన్నాడాయన. “నువ్వింకా దీనిమీద ఏమీ రాసుకోలేదుగా?”